నీడకు పద్దు లేదు

మార్చి 10, సోమవారం

ఈ వారం కూడా ‘ఉంది’ అనే నొక్కాను.

పంచాయతీ కార్యదర్శిగా నేను సోమవారం సోమవారం ఉపాధి పని జరిగే చోటు మీద ఒక రిపోర్టు పంపాలి. తాగునీళ్లు ఉన్నాయా, మందుల పెట్టె ఉందా, నీడ ఉందా. మూడింటికీ ఎదురుగా ‘ఉంది’, ‘లేదు’ అని రెండు గడులు. నీళ్లకు ట్యాంకరు పెట్టించాను. పెట్టె ఉంది, అందులో మందులున్నాయా అని వాళ్లు అడగలేదు కాబట్టి నేనూ చెప్పలేదు. చిక్కంతా నీడ దగ్గరే. ‘లేదు’ నొక్కితే కింద ఇంకో గడి తెరుచుకుంటుంది: ‘ఏ పద్దు కింద ఏర్పాటు చేస్తున్నారు?’ అది నింపనిదే రిపోర్టు పోదు. రిపోర్టు పోకపోతే హాజరు పోదు. హాజరు పోకపోతే నలభై ఒక్క మందికి కూలి పడదు.

పద్దుల జాబితా పైనుంచి కిందికి మూడుసార్లు వెతికాను. డ్రైనేజీ ఉంది, వీధి దీపాలున్నాయి, దోమల మందు ఉంది, శ్మశానానికి వైకుంఠధామం కూడా ఉంది. నీడ లేదు. ఎప్పుడో ఇచ్చిన టెంటు గుడ్డ ఒకటి పంచాయతీ ఆఫీసు అటక మీద ఉండేది. మొన్న దించి చూస్తే ఎలుకలు జల్లెడ చేసి పెట్టాయి.

మా ఆయన డానియల్‌కు షాద్‌నగర్‌లో ఫ్యాక్టరీ నౌకరి. ఆదివారం ఒక్కరోజే ఇంట్లో ఉంటాడు. ఆ ఒక్కరోజూ నేను ఈ గడుల గురించే మాట్లాడుతున్నానట. నిన్న బస్సెక్కుతూ, “నాకు జెప్పకు మల్లీ, నీకు దండం వెడ్త. ఒక నోట్‌బుక్కుల రాసుకో” అన్నాడు. అందుకే ఈ నోట్‌బుక్కు. ఎవరూ చదవరు కాబట్టి ఇందులో అబద్ధం రాయాల్సిన పని లేదు.

మార్చి 13

మండలాఫీసుకు పోయి దశరథం సార్‌ను అడిగాను. మా పంచాయతీల మీద పెద్ద ఆయనే. ఆయన నెత్తి మీద ఫ్యాను తిరగడం లేదు. చేతిరుమాలు మెడకు చుట్టుకుని కూర్చున్నాడు పాపం.

“ఏమ్మా మల్లికా, మీ ఇప్పలకుంటకు ఎండ కొత్తగొచ్చిందా?”

“ఎండ పాతదే సార్. మార్చిల్నే మే లెక్క కొడుతాంది.”

“అది క్లైమేట్ చేంజ్ కిందికి వస్తది. దానికి మన కాడ పద్దు లేదు.”

“మరి ఎవరి కాడ ఉంది సార్?”

ఆయన కాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. “ఎవల కాడనో ఉంటది” అన్నాడు.

సర్పంచులు దిగిపోయి ఏడాది దాటింది. ఎన్నికలు లేవు, ఎన్నికైన పాలకవర్గం లేదని కేంద్రం నుంచి రావాల్సినవి ఆగిపోయాయి. ఊరి ఇంటిపన్నులు ట్రాక్టరు డీజిల్‌కే చాలవు. అవన్నీ ఆయనకూ తెలుసు. చివరికి ఒక ఉపాయం చెప్పాడు: “ఉన్న పద్దుల్ల ఏదో ఒకదాంట్ల సొప్పియ్యి. డ్రైనేజీ కింద రాయి.”

“నీడను డ్రైనేజీ కింద ఎట్ల రాయాలె సార్?”

“గట్లయితే ‘ఉంది’ అని నొక్కు. అందరు నొక్కుతున్నరు గద!”

మార్చి 19

నల్లగొండలో ట్రైనింగ్. పంచాయతీ కార్యదర్శులందరం పోయాం. గోడకు పెద్ద బ్యానర్: వాతావరణ మార్పులను తట్టుకునేందుకు స్థానిక సంస్థల ఆర్థిక వనరులు. ఏసీ హాలు. వెనక వరుసలో ఉన్న నాకు వణుకు పుట్టి చున్నీ చెవులకు చుట్టుకున్నాను. ఎండ గురించి చెప్పడానికి మాకు చలి పెట్టించారు.

హైదరాబాదు నుంచి వచ్చిన సార్ మంచివాడే, ఓపికగా చెప్పాడు. పంచాయతీలు బాండ్లు జారీ చేయవచ్చట. కంపెనీల సామాజిక నిధులు తెచ్చుకోవచ్చట. ప్రపంచం మొత్తానికి ఒక హరిత నిధి ఉందట, దానికి దరఖాస్తు ఇంగ్లిషులో అరవై పేజీలట. నేను చేయెత్తాను.

“సార్, బాండ్లంటే ఊరి పేరు మీద అప్పు తెచ్చుడే గద? మా ఊరికి బంకుల డీజిలే ఉద్దెర పోస్తలేరు. బాండు ఎవలు గొంటరు సార్?”

హాలంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. “మంచి ప్రశ్న. దీన్ని తర్వాత చర్చిద్దాం” అన్నాడు. తర్వాత భోజనాలు పెట్టారు.

అందరికీ జనపనార సంచి, తెల్ల టోపీ ఇచ్చారు. టోపీ మీద ‘చల్లని పల్లె – మన బాధ్యత’ అని ఆకుపచ్చ అక్షరాలు. వచ్చేటప్పుడు బస్సులో ఆ టోపీతోనే విసురుకున్నాను.

మార్చి 20

టోపీ ఈదమ్మకిచ్చాను. మా పనివాళ్లలో పెద్దది ఆమే, అరవై దగ్గరికొచ్చింది. కొంగు నెత్తిన కప్పుకుని దాని మీద టోపీ పెట్టుకుంది. “మీద ఏం రాసిండ్రు బిడ్డా?” అని అడిగింది. చదివి చెప్పాను. “అబ్బో, బాధ్యత అంత నా నెత్తిమీన్నే వెట్టినవా?” అంది. కడుపు పట్టుకుని నవ్వాం.

మార్చి 26

ఈ రోజు నా తెలివికి నేనే మురిసిపోయి, మధ్యాహ్నానికి తల దించుకున్నాను.

పని నల్లకుంటలో పూడిక తీయడం. ఏడింటికి హాజరు ఫొటో తీసి పంపాలి, నాలుగు గంటలు పోయాక రెండో ఫొటో. రెండో ఫొటోలో లేని మనిషికి ఆ రోజు కూలి లేదు. మట్టి తవ్వడం తొమ్మిదిన్నరకే అయిపోతుంది, తర్వాత తవ్వలేరు కూడా. కానీ పదకొండు దాకా ఆ ఫొటో కోసం కుంటలోనే కూర్చోవాలి. అదిగో, నీడ కావాల్సింది ఆ గంటన్నరకే. కుంటలో చెట్టన్నది లేదు. తట్టలు బోర్లించుకుని, మట్టికుప్పల పక్కన కూర్చుంటారు. పది దాటితే కుప్పల నీడ కూడా పోతుంది.

కుంట కట్టకు అవతల వంద అడుగుల్లో వైకుంఠధామం ఉంది. కాల్చే గద్దెలు రెండు, పెద్ద రేకుల షెడ్డు, కూర్చోవడానికి అరుగులు, నల్లాలు, స్నానాల గదులు. ఊరు మొత్తంలో అంత మంచి నీడ ఇంకెక్కడా లేదు. దానికి పద్దు ఉంది కాబట్టి అది ఉంది. తాళం నా దగ్గరే ఉంటుంది. పొద్దున పోయి ఊడ్పించి, నల్లాలు చూసి, తొమ్మిదిన్నరకు పనివాళ్లను పిలిచాను. రెండో ఫొటో దాకా లోపల కూర్చోండి అన్నాను.

ఒక్కరూ కదల్లేదు. వాళ్ల మేట్ నర్సింగమ్మ, హాజరు రాసేది ఆమే, నన్ను పక్కకు పిలిచింది.

“మేడం, గాడికి పోయొస్తే ఇంట్లకు రాకముందే తలకు పోసుకోవాలె. రోజు నలభై మంది తానాలకు నీళ్లు ఏడికెళ్లి తేవాలె? ఇంట్ల చిన్న పిల్లలున్నరు, బాలింతలున్నరు.”

నాకు అప్పటికీ బుర్రకెక్కలేదు. మా వాళ్లం ఈస్టర్ పొద్దున సమాధుల దగ్గరే కూర్చుని పాటలు పాడుతాం, అక్కడే టీ తాగుతాం. “షెడ్డుకేం అంటుతుంది? మీకు నీడ కావాల్నా, పట్టింపులు కావాల్నా?” అని గద్దించాను కూడా.

అప్పుడు ఈదమ్మ నవ్వుతూనే అంది: “రెండేండ్ల కింద మా సోమన్నను గా గద్దె మీన్నే కాలవెట్టినం బిడ్డా. ఆయన కాలిన కాడ కూసొని నేను సద్ది మూట ఇప్పాల్నా?”

నాలుగేళ్ల నుంచి ఈ ఊళ్లో పని చేస్తున్నాను. సోమన్న చావు సర్టిఫికెట్ రాసింది నేనే.

“నీకు పందిరేయిస్త ఈదమ్మా. పది రోజులల్ల వేయిస్త” అన్నాను.

“రాసుకో మరి, మర్శిపోతవు.”

రాసుకున్నాను. ఇదిగో: ఈదమ్మకు పందిరి, పది రోజులు.

మార్చి 27

తాళం మళ్లీ వేశాను.

ఏప్రిల్ 2

రంజాన్ పోయింది, పెళ్లిళ్లు ఇంకా మొదలు కాలేదు. ఈ సందులో టెంట్‌హౌస్ వాళ్లకు పని ఉండదని తోచింది. జాఫర్ భాయి దగ్గరికి పోయాను. ఆయన దుకాణంలో షామియానాలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. సంగతంతా విన్నాడు.

“పదకొండు తారీకు దాక ఒకటి తీస్కపో మేడం. పన్నెండు సంది లగ్గాలున్నయి, అప్పుడు మాత్రం నాకు గావాలె.”

“కిరాయి ఎంత భాయి?”

“కష్టం జేసెటోళ్ల నీడకు కిరాయి అడుగుతనా? జర ఫికర్ జేయకు, పో.”

రోడ్డు మీదికొచ్చాక కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అరవై పేజీల దరఖాస్తు లేదు, పద్దు లేదు. అడిగితే ఇచ్చాడు.

ఏప్రిల్ 3

ఎర్రది, పసుపు అంచుల కుచ్చులు, నాలుగు వైపులా జరీ తోరణాలు. కుంట మధ్యలో కట్టేసరికి ఊరి నుంచి కూడా చూడ్డానికొచ్చారు. తొమ్మిదిన్నరకు అందరూ కిందికి చేరారు.

“లగ్గం ఎవల్దే?” అని అరిచింది ఈదమ్మ.

“నీదే. టోపీ గూడ వెట్టుకుంటివి” అంది నర్సింగమ్మ.

“అయితే పిలగాడేడి? నల్లగుంటే నేనొల్ల.”

ఆమె లేచి, తట్ట నెత్తిన పెట్టుకుని రెండు అడుగులు ఆడింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను రెండో ఫొటో తీయడం మరిచిపోయి పది నిమిషాలు ఆలస్యంగా తీశాను.

“నీ పందిరి వచ్చింది గద ఈదమ్మా. ఎనిమిది రోజులకే దెచ్చిన” అన్నాను.

“ఇది జాఫర్ పందిరి బిడ్డా. నీది ఇంక బాకీ ఉంది” అంది. ఎంత మాట!

ఏప్రిల్ 7, సోమవారం

ఈ సోమవారం ‘ఉంది’ నిజం. నొక్కి, ఆ గడిని కాసేపు చూస్తూ కూర్చున్నాను.

ఏప్రిల్ 12

జాఫర్ మనుషులు పొద్దున వచ్చి విప్పుకుపోయారు. మాట ప్రకారమే కదా, ఆయన తప్పేం లేదు. ఇంకో పాతది ఉందట, కావాలంటే రోజుకు రెండు వందలు ఇయ్యి చాలు అన్నాడు. వద్దన్నాను. రెండు నెలల నుంచి ట్రాక్టరు డీజిల్ నా జేబు నుంచే పోస్తున్నాను. బల్బులు నేనే, బ్లీచింగ్ నేనే. ఎంతకని పెడతాను? ఇది నా ఇల్లా? ఒకసారి పెడితే ఇక ప్రతిదీ కార్యదర్శే పెట్టుకోవాలంటారు. అది పద్ధతి కాదు. పద్ధతి ప్రకారం రావాలి.

సాయంత్రం సూర్యాపేట పోయి కూలర్ తెచ్చుకున్నాం. పాపకు ఒళ్లంతా చెమటకాయలు, తప్పలేదు.

ఏప్రిల్ 14

అంబేడ్కర్ జయంతి, సెలవు. రిపోర్టుకు సెలవు లేదు. ‘ఉంది’.

ఏప్రిల్ 17

ఒకే రోజు రెండు కాగితాలు వచ్చాయి.

ఒకటి షాద్‌నగర్ నుంచి. డానియల్ ఫ్యాక్టరీకి పక్కనున్న ఒక కంపెనీకి నెల కిందట దరఖాస్తు పెట్టాను, నాలుగు ఇనుప పైపులు, ఒక గుడ్డ కప్పు ఇప్పించమని. జవాబిచ్చారు. నీడ కోసం మా ఆలోచనను అభినందిస్తూ రెండు వందల మొక్కలు ఇస్తారట. జూలైలో. ఆ మొక్క నీడనిచ్చేసరికి మా పాప ఇంటర్‌కొస్తుంది.

రెండోది మండలాఫీసు వాట్సాప్‌లో వచ్చింది. వడదెబ్బతో చనిపోతే ఇకనుంచి నాలుగు లక్షలు. పోస్టుమార్టం తప్పనిసరి. తహసీల్దారు, ఎస్సై, డాక్టరు కలిసి చూసి ధ్రువీకరించాలి. గ్రామాల్లో విస్తృత ప్రచారం చేయాలి.

వెంటనే దశరథం సార్‌కు ఫోన్ చేశాను. “సార్, సచ్చినంక నాలుగు లక్షలకు పద్దు ఉన్నప్పుడు, సావకుంట జూసుకునేటందుకు నాలుగు వేలకు లేదా సార్?”

“నువ్వడిగేది కరెక్టే” అన్నాడు. “కాని అది విపత్తు కిందికి వస్తది మల్లికా. మనిషి పోతేనే విపత్తు. ఉన్నంత సేపు అది ఎండాకాలమే.”

ఆయన వెటకారంగా అనలేదు. అలసిపోయి అన్నాడు.

ప్రచారం రేపటి నుంచి చేయాలి. రేపు గుడ్ ఫ్రైడే. సోమవారం నుంచి చేస్తాను.

కుంట దగ్గర ఈదమ్మ ఈ రోజు మట్టికుప్ప పక్కన కాళ్లు ముడుచుకుని ఉంది. “నా పందిరేది బిడ్డా?” అంది. వస్తుంది అన్నాను. నాకు తెలుసు రాదని. ఆమెకూ తెలుసు. “వానలు వడ్డంకన్న అస్తదా?” అని నవ్వింది.

ఏప్రిల్ 20

ఈస్టర్. తెల్లవారుజామున అందరం సమాధుల తోటకు పోయాం. మా మామ సమాధి మీద పూలు పెట్టి పాడాం. చల్లగా ఉంది. డానియల్ ప్లాస్కులో టీ తెచ్చాడు. సమాధి రాయికి ఆనుకుని తాగుతుంటే ఈదమ్మ గుర్తొచ్చింది. మాకైతే మనవాళ్లున్న చోటు. ఆమెకు మాత్రం సోమన్న కాలిపోయిన చోటు. నాకెందుకు అర్థం కాలేదా అనుకున్నాను.

ఏప్రిల్ 21, సోమవారం

‘ఉంది’. ప్రచారం మొదలుపెట్టలేదు. చాటింపు వేసే బుచ్చయ్యకు జ్వరం.

ఏప్రిల్ 24

ఈదమ్మ పోయింది.

పొద్దున నేను సైటు మీదే ఉన్నాను. రెండో ఫొటో తీసింది నేనే. పదకొండూ అయిదు. ఫొటోలో ఆమె ఉంది, చివర, టోపీ పెట్టుకుని కూర్చుని ఉంది. మిగతావాళ్లంతా నిలబడ్డారు. “లేవే ఈదమ్మా, ఫొటోల సరిగ్గ వడవు” అన్నాను. “గిట్లనే తియ్యి బిడ్డా, కండ్లు తిరుగుతున్నయి” అంది. తీశాను. నీళ్లు తాగించమని నర్సింగమ్మతో చెప్పి ఆఫీసుకొచ్చాను. చెప్పాను, నిజంగా చెప్పాను.

ఇంటిదాకా నడిచే పోయిందట. మంచినీళ్లడిగి, గడపలోనే పడుకుందట. ఒళ్లు పెనంలా కాలుతోందని కోడలు తడిగుడ్డ వేసింది. దవాఖానకు ఆటో వచ్చేసరికే అయిపోయింది. అప్పటికి మధ్యాహ్నం రెండయింది.

కొడుకు శ్రీకాంత్ షాద్‌నగర్‌లో ఫ్యాక్టరీ కూలి. సాయంత్రం చేరాడు. ఆ ఇంటి ముందు రాత్రి పొద్దుపోయేదాకా ఉన్నాను. రేపు పొద్దున్నే కాలుస్తామని మాట్లాడుకున్నారు. పోస్టుమార్టం సంగతి వాళ్లకు తెలిసే ఉంటుంది. ఫోన్లున్నాయి, వాట్సాపులున్నాయి, అందరికీ అన్నీ తెలుస్తాయి. అయినా ఏడుస్తున్న ఇంట్లోకి పోయి, మీ అమ్మను కోయించండి అని ఎవరైనా ఎలా చెప్తారు? మనిషన్నవాళ్లు చెప్పగలరా?

ఏప్రిల్ 25

తాళం నేనే తీశాను.

సోమన్నను కాల్చిన గద్దె మీదే పెట్టారు. శ్రీకాంత్ అడిగి మరీ అక్కడ పెట్టించాడు. తొమ్మిదికే ఎండ మండుతోంది. వచ్చినవాళ్లంతా షెడ్డు కిందికి చేరారు. కుంటలో పని చేసే ఆడవాళ్లందరూ వచ్చారు. మామూలుగా మా దగ్గర ఆడవాళ్లు అంత దాకా రారు, ఈదమ్మ కోసం వచ్చారు. అరుగుల మీద వరసగా కూర్చున్నారు. నల్లా నీళ్లు తాగారు. నేను వద్దన్నా నా కళ్లు వాళ్లనే చూస్తున్నాయి. నీడలో కూర్చున్నారు.

టోపీ కూడా ఆమెతోనే పెట్టబోతే ప్లాస్టిక్ అని ఎవరో తీసేశారు. అది అరుగు మీద ఉండిపోయింది.

ఏప్రిల్ 26

ఏం రాయాలో తెలియడం లేదు.

ఏప్రిల్ 28, సోమవారం

ఆ రోజు నుంచి పని ఆపారు. రిపోర్టు మాత్రం అడిగారు. ‘ఉంది’.

ఏప్రిల్ 30

ముగ్గురు అధికారులూ వచ్చారు. ఎవరో చెప్తే విని శ్రీకాంత్ అర్జీ పెట్టుకున్నాడట. ఈదమ్మ ఇంటి ముందు కుర్చీలు వేశారు. నన్ను పిలిపించారు.

డాక్టరు పోస్టుమార్టం రిపోర్టు అడిగాడు. లేదని శ్రీకాంత్ అన్నాడు. “గది గావాలని మాకు ఎవలు జెప్పలే సార్” అన్నాడు. నావైపు చూడకుండానే అన్నాడు. తహసీల్దారు నా సోమవారం రిపోర్టులు ముందేసుకుని చూశాడు.

“నీడ ఉంది అని ఉందే. వారం వారం ఉంది. మరి వడదెబ్బ ఎట్ల తగుల్తదమ్మా? నీడ ఉండెనా?”

నేను చెప్పాల్సింది చెప్పాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మిగతాది వాళ్ల ఇష్టం.

మే 1

అబద్ధం. చెప్పలేదు.

ఎవరూ చదవని నోట్‌బుక్కులో అబద్ధం రాసుకున్నాను. నా బతుకు ఇక్కడిదాకా వచ్చింది.

“నీడ ఉండెనా?” అని అడిగితే, “కుంట పక్కన షెడ్డుంది సార్” అన్నాను. అంతే అన్నాను. ఆయన ‘షెడ్డు కలదు’ అని రాసుకున్నాడు. ఏ షెడ్డు అని అడగలేదు. నేను చెప్పలేదు. శ్రీకాంత్ అప్పుడు తలెత్తి నన్ను చూశాడు. కింద ‘అనారోగ్యం వల్ల సహజ మరణం’ అని పడింది. నేను సంతకం పెట్టాను.

పోస్టుమార్టం సంగతి కూడా అంతే. వాళ్లకు తెలియదు. తెలియజేయాల్సింది నేను. పదిహేడో తారీకునే నా ఫోన్‌లో ఉంది. బుచ్చయ్యకు జ్వరం రెండు రోజులే. ఆ రోజు వాళ్ల వాకిట్లో ఆ మాట నా నోటి దాకా వచ్చింది. కోయిస్తే విచారణ వస్తుంది, విచారణ వస్తే రిపోర్టులు తీస్తారు, రిపోర్టుల్లో నా ‘ఉంది’ కనిపిస్తుంది. ఆ లెక్క ఆ ఏడుపుల మధ్య నిలబడి వేసుకున్నాను. మింగేశాను.

ఇంకోటి. జాఫర్ భాయి రోజుకు రెండు వందలన్నాడు. పన్నెండు నుంచి ఇరవై నాలుగు దాకా రెండు వేల ఆరు వందలు. అది పోనూ కూలర్ డబ్బుల్లో సగానికి సగం మిగిలేది. ఇప్పుడు ఆ కూలర్ ముందే కూర్చుని రాస్తున్నాను.

మే 3

ఒక ఉత్తరం రాశాను. నల్లకుంట పని దగ్గర నీడ లేదు, నేను పంపిన రిపోర్టులు తప్పు, ఈదమ్మ ఎండలో నాలుగు గంటలు ఉంది. సంతకం, తారీకు. మండలాఫీసుకు పట్టుకుపోయాను.

దశరథం సార్ రెండుసార్లు చదివాడు.

“ఇది నేను దీసుకుంటే పైకి పంపాలె. పంపితే నీ మీద మెమో వస్తది, నౌకరి పోతది. పోస్టుమార్టం లేదు గావట్టి ఆమెకు పైస రాదు. నువ్వు పోవుడు తప్ప అయ్యేదేంది జెప్పు?”

“అయ్యేదేం లేదు సార్.”

“మరి ఎందుకు రాసినవ్?”

“లేకుండె గద సార్ నీడ.”

ఆయన ఉత్తరం తీసుకోనూ లేదు, తిరిగివ్వనూ లేదు. సొరుగు లాగి అందులో పెట్టి మూశాడు. ముద్ర వేయలేదు.

వస్తూ ఈదమ్మ ఇంటికి పోయాను. శ్రీకాంత్ సంచి సర్దుకుని బస్సుకు బయల్దేరుతున్నాడు. నన్ను చూసి ఆగాడు.

“ఒక్క ముచ్చట అడుగుత మేడం. మా అమ్మ పని జేసిన కాడ నీడ ఉండెనా, లేకుండెనా?”

“లేకుండె శ్రీకాంత్.”

అతను కోప్పడతాడనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

“గీ ముచ్చట మొన్న గాళ్ల ముందల అంటె అయిపోవు గద మేడం” అన్నాడు. బస్సు పోతుందని వెళ్లిపోయాడు.

వాళ్ల గడపలో చాలాసేపు కూర్చున్నాను. కోడలు నీళ్లిచ్చింది. నాకు ఏడుపు ఆగలేదు. ఆ పిల్లే నన్ను ఊకుంచింది.

మే 5, సోమవారం

పని మళ్లీ మొదలైంది. ఏడింటికి ఫొటో. నలభై మంది.

ఈ సోమవారం ‘లేదు’ నొక్కాలని నిశ్చయించుకుని పోయాను. పద్దు అడిగితే అడగనీ. రిపోర్టు ఆగితే ఆగనీ, కూలి ఆగితే నేనే వాళ్ల ముందు నిలబడి చెప్తాననుకున్నాను. నర్సింగమ్మతో ముందే ఒక మాట అనుకుంటే మంచిదని తొమ్మిదిన్నరకు కుంటలోకి దిగాను.

కుంటలో ఎవరూ లేరు. తట్టలు, పారలు మట్టికుప్ప దగ్గర పెట్టి ఉన్నాయి. కట్ట ఎక్కి చూస్తే అందరూ వైకుంఠధామం షెడ్డు కింద ఉన్నారు. ఎవరు తీశారు తాళం అనుకుని, ఆ రోజు నేను తీశాక మళ్లీ వేయడమే మరిచిపోయానని గుర్తొచ్చింది. అరుగుల మీద సద్ది మూటలు విప్పుకున్నారు. గద్దె కడిగి ఉంది. దాని పక్కన ఒక ఆకులో ఇంత అన్నం, పచ్చడి పెట్టి ఉన్నాయి. తెల్ల టోపీ షెడ్డు స్తంభానికి మేకుకు తగిలించి ఉంది.

“రోజు తానం జేయాలంటిరి గద నర్సింగమ్మా?”

“గప్పుడు వేరె మేడం. ఇప్పుడు గాడ ఈదమ్మ ఉంది గద. మన మనిషి తానకు పోయొస్తే తానమెందుకు?” అంది. నాకు చోటిస్తూ పక్కకు జరిగింది. “కూసో. మా ఈదమ్మ మాకు పందిరేయించింది.”

కూర్చున్నాను. చల్లగా ఉంది. ఎవరో నా చేతిలో మజ్జిగ గ్లాసు పెట్టారు. తాగాను.

పదకొండూ అయిదుకు రెండో ఫొటో అక్కడే తీశాను. నలభై మందీ నీడలో ఉన్నారు, ఎవరి ముఖమూ ఎండకు చిట్లించుకుని లేదు. ఫోన్‌లో రిపోర్టు తెరిచాను. నీళ్లు, ఉంది. పెట్టె, ఉంది. మూడో గడి దగ్గర వేలు ‘లేదు’ మీదికి పోయి ఆగింది. తలెత్తి రేకుల వైపు చూశాను.

‘ఉంది’ నొక్కాను. ఈసారి అబద్ధం కాదు. ఏ పద్దు అని అడగలేదు, ఒక్క నొక్కుకే రిపోర్టు పోయింది.